గాలిలోంచి కార్బన్ తీసే యంత్రాలకు కరెంటు ఎక్కడిది? రామగుండం లెక్కతో మాట్లాడుకుందాం

భద్రకాళి గట్టు (హన్మకొండ)

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఒక సభలో ఒకాయన గట్టిగా వాదించారు: "బొగ్గు ప్లాంట్లు మూయాల్సిన పనే లేదు. వాటి పక్కనే గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ లాగే యంత్రాలు పెడితే లెక్క సరిపోతుంది. ఐస్‌లాండ్‌లో పెట్టారు, రామగుండంలో ఎందుకు పెట్టలేం?" చప్పట్లు బాగానే పడ్డాయి.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. కార్బన్ తొలగింపు అవసరమే లేదని నేను అనను. 2022లో వచ్చిన ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం) నివేదిక కూడా, నెట్ జీరో, అంటే వదిలేదంతా తిరిగి తీసేసినట్టు లెక్క సరిపోయే స్థితి చేరాలంటే ఎంతో కొంత తొలగింపు తప్పదనే చెప్పింది. సిమెంటు, విమానాలు, పొలాల నుంచి వచ్చేదంతా సున్నా చేయడం కష్టం కాబట్టి. మన దేశం 2070కి నెట్ జీరో అని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. అందుకని ఇది ఎప్పటికైనా మన గ్రిడ్ మీదికి వచ్చే లోడే.

నా ప్రశ్న ఒక్కటే. ఆ యంత్రాలకు కరెంటు ఎంత? అది ఎక్కడి నుంచి వస్తుంది? కరెంటు డిపార్టుమెంటులో పనిచేసినవాళ్లు, రాళ్లు తెలిసినవాళ్లు, వ్యవసాయం చేసేవాళ్లు అందరూ ఇక్కడ ఉన్నారు. దయచేసి అంకెలతో చెప్పండి.

---

లోడ్ డిస్పాచ్ (కాజీపేట, రిటైర్డ్)

మాస్టారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. కొంచెం పెద్దగా రాస్తాను.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. ఒక ఘనపు మీటరు గాలిలో ముప్పావు గ్రాము. ఒక టన్ను తీయాలంటే, ఒక్క అణువు కూడా వదలకుండా పట్టినా 13 లక్షల ఘనపు మీటర్ల గాలిని ఫ్యాన్లతో తోయాలి. నిజానికి కొంత జారిపోతుంది కాబట్టి 20 లక్షల దాకా పోతుంది. అదే బొగ్గు ప్లాంటు చిమ్నీలో వచ్చే పొగలో 12 నుంచి 14 శాతం ఉంటుంది, అంటే గాలిలో కంటే 300 రెట్లు చిక్కగా. చెరువులో పారబోసిన ఉప్పును మళ్లీ ఏరుకోవడం లాంటి పని ఇది. చేయొచ్చు, కానీ దానికి శక్తి ఖర్చు కావాలి.

ఈ శక్తి రెండు రకాలు. ఫ్యాన్లు, పంపులు, పట్టిన వాయువును ఒత్తిడి పెంచి భూమిలోకి పంపే కంప్రెషర్లు ఇవన్నీ కరెంటు. అసలు ఖర్చు మాత్రం వేడిది. గాలిలోంచి సీఓటూ పట్టుకున్న పదార్థాన్ని 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేస్తేనే అది వదులుతుంది. ద్రావణాలతో చేసే ఇంకో పద్ధతిలో 900 డిగ్రీలు కావాలి. రెండూ కలిపి టన్నుకు సుమారు 2,000 యూనిట్లు వేసుకోండి. ఇందులో దాదాపు ముప్పావు వంతు వేడే. హీట్ పంపు పెడితే కొంత తగ్గుతుంది, పాత డిజైన్ అయితే పెరుగుతుంది. లెక్కకు 2,000 బాగుంటుంది.

ఇక రామగుండం. పాత ఎన్టీపీసీ స్టేషన్ 2,600 మెగావాట్లు. 75 శాతం లోడ్ మీద నడిస్తే ఏడాదికి 1,700 కోట్ల యూనిట్లు. బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కు కిలోకు కాస్త తక్కువగా సీఓటూ వస్తుంది, అంటే ఏడాదికి సుమారు కోటీ 60 లక్షల టన్నులు.

అంత మొత్తాన్ని గాలిలోంచి తిరిగి తీయాలంటే 1.6 కోట్ల టన్నులు × 2,000 యూనిట్లు = 3,200 కోట్ల యూనిట్లు. ఆ ప్లాంటు తయారు చేసేదే 1,700 కోట్లు. అంటే రామగుండం చేసిన మసిని రామగుండం కరెంటుతో కడగాలంటే ఇంకా దాదాపు ఒక రామగుండం కావాలి. ఆ రెండోది కూడా బొగ్గుదైతే దాని పొగ ఎవరు తీయాలి?

సభలో చప్పట్లు కొట్టినవాళ్లకు ఈ ఒక్క గుణకారం చూపిస్తే చాలు.

---

భద్రకాళి గట్టు (హన్మకొండ)

సార్, ఇంత సూటిగా ఉంటుందని అనుకోలేదు. అయితే ఇంకో కోణం. బొగ్గు కరెంటు కాదు, గ్రిడ్ నుంచి మామూలు కరెంటు ఇస్తే? మన గ్రిడ్‌లో సోలార్, హైడ్రో కూడా ఉన్నాయి కదా.

---

లోడ్ డిస్పాచ్ (కాజీపేట, రిటైర్డ్)

దేశ గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.7 కిలోల పైన ఉంది. 2,000 యూనిట్లకు 1.4 టన్నులు. ఒక టన్ను తీయడానికి 1.4 టన్నులు వదిలినట్టు. గ్రిడ్ సగటు 0.5 కిందికి దిగితే గానీ ఈ పని నష్టం నుంచి లాభంలోకి రాదు. ఆ గీతకు దగ్గరగా ఉన్నప్పుడు కూడా, తీసిన టన్నులో నికరంగా మిగిలేది చాలా తక్కువ.

ఐస్‌లాండ్ సంగతి వేరు. అక్కడి కరెంటు దాదాపు మొత్తం జలవిద్యుత్తు, భూతాపంతో వచ్చేదే. 2021లో మొదలైన ఓర్కా అనే గాలి యంత్రాల ప్లాంటు హెల్లిషెయ్డి భూతాప విద్యుత్ కేంద్రం పక్కనే ఉంది. వేడి, కరెంటు రెండూ అక్కడే దొరుకుతాయి. ఇంతా చేసి దాని సామర్థ్యం ఏడాదికి 4,000 టన్నులు. 2024లో వచ్చిన మామత్ 36,000 టన్నులకు డిజైన్ చేశారు. రామగుండం చిమ్నీలు ఆ 36,000 టన్నులను ఒక రోజు గడవకముందే వదులుతాయి. ఇది వాళ్లను తక్కువ చేయడానికి చెప్పట్లేదు. కొత్త విద్య నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాల్సిందే.

---

బాయిలర్ సైడ్ (గోదావరిఖని)

నమస్తే. నేను థర్మల్ వైపే పనిచేస్తాను. సార్ చెప్పిన లెక్క సరైనదే. కానీ రెండు విషయాలు కలిసిపోకూడదని రాస్తున్నాను.

చిమ్నీ దగ్గరే పొగను పట్టుకోవడం వేరు, గాలిలోంచి తీయడం వేరు. మొదటిది కొత్తగా వచ్చేదాన్ని ఆపుతుంది. రెండోది ఇంతకుముందు వదిలిందాన్ని తగ్గిస్తుంది. పేపర్లలో రెండూ ఒకే పేరుతో వస్తున్నాయి, దాంతో ఇలాంటి సభల్లో గందరగోళం. ఎన్టీపీసీ వింధ్యాచల్‌లో చిమ్నీ పొగలోంచి రోజుకు 20 టన్నులు పట్టే చిన్న యూనిట్ 2022లో పెట్టారు. అది తొలగింపు కాదు, ఆపడం.

చిమ్నీ దగ్గర పట్టినా కరెంటు పోతుంది. పట్టిన ద్రావణాన్ని వేడి చేయడానికి టర్బైన్‌కు వెళ్లాల్సిన ఆవిరిని మధ్యలో లాగాలి. ఆ ఆవిరి తిప్పాల్సిన మెగావాట్లు తగ్గుతాయి. ప్లాంటు ఉత్పత్తిలో 20 నుంచి 30 శాతం దాకా పోతుంది. 2,600 మెగావాట్ల స్టేషన్‌లో అంటే 500 నుంచి 800 మెగావాట్లు. ఆ లోటు ఇంకెక్కడో పుట్టాలి.

చాలామంది అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది: "ప్లాంటులో వేడి వృథాగా పోతోంది కదా, కూలింగ్ టవర్ల నుంచి ఆవిరి వెళ్తుంటే చూస్తున్నాం కదా, దాన్ని వాడుకోరెందుకు?" కండెన్సర్‌లోంచి బయటికొచ్చే నీళ్లు 40, 45 డిగ్రీలే ఉంటాయి. చేయి పెడితే గోరువెచ్చగా ఉంటాయి, అంతే. యంత్రానికి కావాల్సింది 80 నుంచి 100. అంత వేడి కావాలంటే మళ్లీ టర్బైన్‌లోంచి పనికొచ్చే ఆవిరినే తీయాలి. ఉచితంగా వచ్చే వేడి లేదు.

---

చల్క నేల (పరకాల)

చదువుతున్నా. నాకు ఒక్కటే టెన్షన్. ఇన్ని కోట్ల యూనిట్లు అంటున్నారు. రేపు ఇవి వస్తే మా మోటర్లకు కరెంటు తగ్గిస్తారా? యాసంగి నాట్లు పడ్డాక ఒక్క పూట కరెంటు పోయినా మడి ఎండుతుంది.

---

లోడ్ డిస్పాచ్ (కాజీపేట, రిటైర్డ్)

అన్నా, మీ భయం అర్థమైంది. మన రాష్ట్రంలో పీక్ డిమాండ్ వచ్చేదే మీ యాసంగి వల్ల. 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. దేశం మొత్తానికి మే ఎండల్లో పీక్ వస్తే, మనకు ఫిబ్రవరి, మార్చిలోనే వస్తుంది. వరి పొట్టకొచ్చే సమయం, మోటర్లన్నీ నడుస్తాయి.

అందులో ఏడాదికి 10 లక్షల టన్నులు తీసే ఒక ప్లాంటు కలిస్తే ఎంతవుతుంది? 200 కోట్ల యూనిట్లు, అంటే రోజంతా ఆగకుండా 228 మెగావాట్లు. కాళేశ్వరంలో లక్ష్మీపూర్ గాయత్రీ పంప్‌హౌస్ చూశారు కదా, అక్కడ ఒక్కో మోటరు 139 మెగావాట్లు. రెండు మోటర్ల లోడ్ కూడా కాదు. అంకె చూస్తే చిన్నదే. తేడా ఏమిటంటే ఆ మోటర్లు గోదావరిలో నీళ్లున్నప్పుడు కొన్ని నెలలే తిరుగుతాయి, ఎప్పుడు తిప్పాలో మనం ముందే మాట్లాడుకుంటాం. ఇది 365 రోజులూ, అర్ధరాత్రి కూడా లాగే లోడ్.

అందుకే కొత్త ప్లాంటుకు అనుమతి ఇచ్చేటప్పుడే సాయంత్రం పీక్‌లో ఆపేయాలని షరతు రాయించుకోవాలి. ఉక్కు ఫర్నేసు ఆపితే గడ్డకట్టుకుపోతుంది. ఇది అలా కాదు, ఫ్యాన్లు ఆపితే గాలి ఎక్కడికీ పోదు. సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ఆగగలిగే లోడ్ గ్రిడ్‌కు మేలు కూడా చేస్తుంది.

---

సోలార్ తమ్ముడు (జనగామ)

ఇక్కడే నేను వేరుగా ఆలోచిస్తాను సార్. బొగ్గు కరెంటుతో ఎవరు నడపమన్నారు? మధ్యాహ్నం సోలార్ మిగిలిపోతోంది. కరెంటు కొనే, అమ్మే మార్కెట్ అయిన పవర్ ఎక్స్ఛేంజ్‌లో మధ్యాహ్నం ధర పడిపోతుంది, రాత్రి అదే యూనిట్ 10 రూపాయల గరిష్ఠ పరిమితి దాకా వెళ్తుంది. రాజస్థాన్‌లో లైన్లు చాలక సోలార్ ఉత్పత్తిని ఆపించేస్తున్నారు. ఆ మిగిలిన కరెంటుతో ఈ యంత్రాలు నడిపితే ఎవరికీ నష్టం లేదు కదా. నేను ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టే పని చేస్తాను, పదేళ్లలో ధర ఎలా పడిందో కళ్లారా చూశాను. ఈ యంత్రాల ధర కూడా అలాగే పడుతుంది.

---

లోడ్ డిస్పాచ్ (కాజీపేట, రిటైర్డ్)

తమ్మీ, సగం ఒప్పుకుంటాను.

ముందు ఒప్పుకోని సగం. రామగుండం రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ఉంది, 2022 నుంచి పూర్తిగా నడుస్తోంది. ఏడాదికి సుమారు 20 కోట్ల యూనిట్లు వేసుకో. ఆ యూనిట్లు గ్రిడ్‌లోకి వెళ్లి అంత బొగ్గు కరెంటును తప్పిస్తే రెండు లక్షల టన్నులకు దగ్గరగా సీఓటూ ఆగుతుంది. అవే యూనిట్లు గాలి యంత్రానికి ఇస్తే లక్ష టన్నులు తీస్తుంది. అదే ప్యానెల్, అదే ఎండ, ఫలితం సగం. గ్రిడ్‌లో బొగ్గు ఉన్నంత కాలం, శుభ్రమైన యూనిట్‌కు మొదటి పని బొగ్గును దించడమే. నా వాదన మొత్తం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక ఒప్పుకునే సగం. మధ్యాహ్నం బొగ్గు ప్లాంట్లను ఇష్టమొచ్చినంత తగ్గించలేం. ఒక స్థాయి కింద మంట నిలబడదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) 2023 నిబంధనల్లో 55 శాతం దాకా దించగలగాలని, ఆ తర్వాత దశల్లో 40 శాతానికి వెళ్లాలని పెట్టారు. ఆ కనీస స్థాయికి దించాక కూడా సోలార్ ఎక్కువైతే దాన్ని నిజంగానే పారేస్తున్నాం. ఆ యూనిట్లు బొగ్గును దించలేవు కాబట్టి వాటిని ఇంకో పనికి వాడొచ్చు. కానీ ఆ క్యూలో ముందు ఎవరున్నారో చూడు. బ్యాటరీలు ఉన్నాయి, నీళ్లు పైకి ఎక్కించి రాత్రి దింపే పంప్డ్ స్టోరేజీ ఉంది, పరకాల అన్న మోటరు ఉంది.

---

చల్క నేల (పరకాల)

మోటరు సంగతి నిజం. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు ఉంది. అంతకుముందు రాత్రి రెండింటికి వస్తే టార్చి పట్టుకుని బావి కాడికి పోయేవాళ్లం, పాములు, షాకులు. ఆ భయంతోనే అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. ఇప్పటికీ కొందరికి ఉన్నాయి. కరెంటు రాగానే దానంతటదే మోటరు ఎక్కుతుంది, మడి నిండి ఒడ్డు దాటి పోతున్నా ఆగదు. పగలు తొమ్మిది గంటలు గట్టి ఓల్టేజీతో ఇస్తే మాకు రాత్రి కరెంటుతో పని లేదు. మా ఊళ్లో చాలామంది మాట ఇదే.

---

సోలార్ తమ్ముడు (జనగామ)

పరకాల అన్న మాట బాగుంది. పగటి సోలార్‌కు పగటి మోటర్ల కంటే మంచి జోడీ లేదు, ఒప్పుకుంటున్నా.

కానీ సార్, 2040 తర్వాత ఆలోచించండి. అప్పుడు బ్యాటరీలు నిండి, మోటర్లు నిండి, ఇంకా మిగిలే ఎండ ఉంటుంది. ఈ యంత్రానికి కావాల్సిందాంట్లో ముప్పావు వంతు వేడే అన్నారు కదా. 100 డిగ్రీల వేడిని నిల్వ చేయడం కరెంటును నిల్వ చేయడం కంటే చాలా చౌక. పగలు ఎండతో వేడి నీళ్ల ట్యాంకులు నింపి పెట్టుకుని, రాత్రి ఫ్యాన్లకు మాత్రం కొంచెం కరెంటు తీసుకుంటే 228 మెగావాట్లు రాత్రిపూట 60 దాకా దిగుతుంది.

---

లోడ్ డిస్పాచ్ (కాజీపేట, రిటైర్డ్)

ఇది మంచి ఆలోచన తమ్మీ. వేడిని, కరెంటును విడదీసి చూడాలి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఎండ ఉన్న ఆరు గంటలే నడిపితే యంత్రం పావు వంతు సమయమే పనిచేస్తుంది. మిగతా ముప్పావు సమయం పెట్టుబడి మీద వడ్డీ మాత్రం ఆగదు. ఇప్పుడు ఈ యంత్రాల్లో ఖరీదైనది యంత్రమే. అమెరికాలో గాలిలోంచి తీసి భూమిలో దాచిన టన్నుకు 180 డాలర్ల పన్ను రాయితీ ఇస్తామని 2022లో చట్టం చేశారు. అది కూడా ఖర్చుకు చాలట్లేదు. మన దగ్గర యూనిట్ 5 రూపాయలు వేసుకున్నా టన్నుకు ఒక్క కరెంటే 10,000 రూపాయలు.

దేశం లెక్క కూడా చెప్పేస్తాను. మనం ఏడాదికి వదిలేది సుమారు 300 కోట్ల టన్నుల సీఓటూ. 2070 నాటికి అందులో పదో వంతు మాత్రం మిగిలి, దాన్ని గాలి యంత్రాలతో తీయాలనుకుంటే 30 కోట్ల టన్నులు. అంటే 60 వేల కోట్ల యూనిట్లు. ఇప్పుడు దేశం మొత్తం తయారు చేసే కరెంటులో మూడో వంతు, అదీ పూర్తిగా శుభ్రమైనది. ఎలక్ట్రిక్ బండ్లు, ఏసీలు, హైడ్రోజన్ ఇవన్నీ పోను అదనంగా. అందుకే ఇప్పటి నుంచే ప్లానింగ్‌లో ఒక లైను రాసి పెట్టుకోవాలంటున్నా.

---

నల్లరాయి (ములుగు)

మీరందరూ యంత్రాల దగ్గరే ఆగిపోయారు. జియాలజీ చదివినవాడిగా నాది వేరే దారి. రాళ్లు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి, కరెంటు లేకుండా.

వాన నీళ్లలో కరిగిన సీఓటూ బసాల్ట్ లాంటి నల్లరాతిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి బైకార్బనేట్ అవుతుంది, అది నీళ్లతో పాటు చివరికి సముద్రం చేరుతుంది. ప్రకృతిలో ఇది చాలా నెమ్మది. ఎంత నెమ్మదో చూడాలంటే మా రామప్ప గుడికి రండి. 13వ శతాబ్దపు డోలరైట్ స్తంభాలు ఇప్పటికీ అద్దంలా మెరుస్తున్నాయి, దగ్గరికి వెళ్తే మన నీడ కనిపిస్తుంది. మంటపంలో వాన తగలదు, అదొక కారణం. నున్నటి ముఖం కాబట్టి నీళ్లు పట్టుకోవడానికి చోటు తక్కువ, ఇది ఇంకో కారణం. అదే రాయిని పొడి చేసి తడి నేలలో కలిపితే తాకే ఉపరితలం వేల రెట్లు పెరుగుతుంది. వేళ్ల దగ్గర మట్టిలో సీఓటూ గాలిలో కంటే చాలా ఎక్కువ, వరి మడిలో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. దీన్నే ఎన్‌హాన్స్‌డ్ రాక్ వెదరింగ్ అంటారు. మన దేశంలో చిన్న రైతుల పొలాల్లో బసాల్ట్ పొడి చల్లే మాటి కార్బన్ అనే సంస్థకు 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రైజ్ అనే పోటీల సంస్థ వాళ్లు 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి ఇచ్చారు.

కరెంటు సంగతి: టన్ను సీఓటూకు మూడు, నాలుగు టన్నుల రాయి కావాలి. మెత్తగా రుబ్బితే రాతి టన్నుకు కొన్ని పదుల యూనిట్లు. 40 వేసుకున్నా మొత్తం 160. 2,000 ఎక్కడ, 160 ఎక్కడ? క్రషర్ దగ్గర ఎలాగూ మిగిలే డస్ట్ వాడితే ఇంకా తక్కువ.

---

చల్క నేల (పరకాల)

మా ఊరి పక్కనే క్రషర్ ఉంది తమ్మీ. గుట్టలు గుట్టలుగా డస్ట్. గాలి వస్తే పత్తి ఆకు తెల్లగా అయిపోతుంది. అది తెచ్చి పొలంలో పోయొచ్చా?

---

నల్లరాయి (ములుగు)

పోయొద్దు అన్నా, అప్పుడే కాదు. వరంగల్ చుట్టుపక్కల క్రషర్లలో చాలా వరకు గ్రానైట్. తెల్లగా పడుతోందంటే అదే అయ్యుంటుంది. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, కాల్షియం, మెగ్నీషియం తక్కువ. దాంతో ఈ పని జరగదు, ఇసుక కలిపినట్టే. మనకు కావాల్సింది నల్లరాయి. మన దగ్గర అక్కడక్కడా డోలరైట్ డైకులు ఉన్నాయి, గ్రానైట్‌ను చీల్చుకుని నల్లటి గోడల్లా కనిపిస్తాయి. అసలైన బసాల్ట్ పాత లావా పొరలైన దక్కన్ ట్రాప్స్‌ది, ఆదిలాబాద్ వైపు. అక్కడి నుంచి 250 కిలోమీటర్లు లారీలో తెస్తే డీజిల్ పొగ లెక్కలోంచి తీసేయాలి.

రాయి దొరికినా ల్యాబ్‌లో రెండు పరీక్షలు తప్పవు. కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయి, నికెల్, క్రోమియం ఎంత ఉన్నాయి. రెండోది ఎక్కువైతే మట్టిలో పేరుకుపోతుంది, తినే తిండి కదా. మీ ఎర్ర చల్క నేలలు దీనికి బాగా సరిపోతాయి. నల్ల రేగడిలో ఇప్పటికే సుద్ద ఉంటుంది, పులుపు తక్కువ, రాయి కరగడం నెమ్మదిస్తుంది.

---

పత్తికట్టె (ఎనుమాముల)

రాళ్ల వాళ్లు వచ్చాక కట్టెల వాళ్లం ఊరుకుంటామా. నాది పత్తికట్టె, ఊకతో పెల్లెట్లు చేసే చిన్న యూనిట్. పత్తి ఏరడం అయ్యాక కట్టెను చాలామంది చేలోనే తగలబెడతారు. సాయంత్రం నర్సంపేట రోడ్డు మీద బండి నడుపుతుంటే కళ్లు మండుతాయి. దాన్ని గాలి తక్కువగా ఉన్న బట్టీలో కాల్చి బయోచార్ చేస్తే టన్ను కట్టెకు పావు టన్ను పైన కట్టెబొగ్గు వస్తుంది. నేలలో కలిపితే అర టన్నుకు పైన సీఓటూ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. కరెంటు దాదాపు అక్కర్లేదు, పైగా వేడి మిగులుతుంది. గుజరాత్‌లో సర్కారు తుమ్మతో చేసే బయోచార్ క్రెడిట్లను (దాచిన టన్నుల లెక్కన అమ్మే పత్రాలు) 2030 దాకా లక్ష టన్నులు కొంటామని గూగుల్ 2025 జనవరిలో ఒక మన దేశ కంపెనీతో ఒప్పందం చేసుకుంది.

నా సమస్య ఇది. బొగ్గు ప్లాంట్లు బయోమాస్ పెల్లెట్లు కలిపి కాల్చాలని కేంద్రం నిబంధన పెట్టింది, 2024-25లో 5 శాతం. మా పెల్లెట్లకు గిరాకీ అక్కడి నుంచే. ఒకే కట్టె, ఇద్దరు అడుగుతున్నారు. దేనికి ఇస్తే వాతావరణానికి ఎక్కువ మేలు? డబ్బు సంగతి నేను చూసుకుంటాను, ఈ సంగతి మీరు చెప్పండి.

---

బాయిలర్ సైడ్ (గోదావరిఖని)

అన్నా, ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెప్తాను. మీ పెల్లెట్, మన బొగ్గు వేడి విలువలో దాదాపు సమానం, కిలోకు 3,500 నుంచి 4,000 కిలోకేలరీల లెక్క. టన్ను పెల్లెట్ వేస్తే టన్ను బొగ్గు తగ్గుతుంది. ఆ బొగ్గు కాలితే టన్నున్నర దాకా సీఓటూ వచ్చేది. బయోచార్ చేస్తే అర టన్ను పైన దాగుతుంది. కాబట్టి ఈరోజు మా బాయిలర్‌లో వేస్తేనే ఎక్కువ మేలు. గ్రిడ్‌లో బొగ్గు తగ్గే కొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది. బొగ్గే లేనప్పుడు మీ పెల్లెట్ తప్పించేది ఏమీ ఉండదు, అప్పుడు బయోచార్‌దే పైచేయి. లోడ్ డిస్పాచ్ సార్ సోలార్‌కు చెప్పిన వరసే కట్టెకు కూడా.

కానీ ప్లాంటుకు వంద కిలోమీటర్ల అవతల ఊళ్లలో కట్టె తెచ్చే ఖర్చు, డీజిల్ చూస్తే అక్కడే బట్టీ పెట్టుకోవడం మేలు. తగలబెట్టడం మాత్రం ఏ లెక్కలోనూ నిలబడదు.

---

చెట్టుకింద (తాడ్వాయి)

చెట్లు నాటితే సరిపోదా? కరెంటూ వద్దు, రాయీ వద్దు. హరితహారంలో నాటినవి కొన్ని బాగానే పెరిగాయి.

---

నల్లరాయి (ములుగు)

నాటాలి అక్కా, తప్పకుండా. కానీ 2024 ఆగస్టు 31న మన తాడ్వాయి అడవిలో ఏం జరిగిందో మీరే చూశారు. ఒక్క గాలి దెబ్బకు వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. వాటిలో ఉన్న కార్బన్ కుళ్లితే మళ్లీ గాలిలోకే. అడవి పెంచడం అడవి కోసం, నీళ్ల కోసం చేయాలి. రామగుండం పొగకు బదులుగా రాసుకుంటే మాత్రం లెక్క నిలబడదు. రాతిలో దాస్తే అలా కాదు. ఐస్‌లాండ్‌లో బసాల్ట్‌లోకి పంపిన సీఓటూ రెండేళ్లలోపే 95 శాతం దాకా రాయిగా మారిందని 2016లో తేల్చారు. అక్కడ ఒక టన్నుకు పాతిక టన్నుల దాకా నీళ్లు వాడారు. ఆదిలాబాద్ బసాల్ట్‌లో అలా చేయాలంటే ముందు ఆ నీళ్లెక్కడివని అడగాలి. మన బసాల్ట్ ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది, దాని రంధ్రాల్లో చాలా భాగం ఇప్పటికే వేరే ఖనిజాలతో నిండిపోయింది. హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు దీని మీద పని చేశారు.

---

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. ప్లాంట్లలో పనిచేసేవాళ్లు ఉద్యోగం, పేరు తెలిసే వివరాలు రాయకండి. ఇద్దరి పోస్టుల్లో అలాంటి లైన్లు తీసేశాం.

---

బాయిలర్ సైడ్ (గోదావరిఖని)

ఒక మాట మనసులో ఉంది, రాస్తున్నాను. "బొగ్గు దించడమే మొదటి పని" అని అందరూ అంటున్నారు, లెక్క ప్రకారం నేనూ అదే రాశాను. మా ఊరు మొత్తం బొగ్గు మీద బతుకుతోంది. బాయి పని, ప్లాంటు పని, హోటళ్లు, ఆటోలు అన్నీ. సభలో ఆ పెద్దాయన మాటకు చప్పట్లు పడ్డాయంటే యంత్రాల మీద మోజుతో కాదు, "ప్లాంటు మూయక్కర్లేదు" అన్న ఒక్క ముక్క కోసం. నాకు ఆ చప్పట్లు అర్థమవుతాయి. కంప్రెషర్లు, పైపులు, బ్లోయర్లు, కెమిస్ట్రీ ల్యాబ్ ఇవన్నీ మా వాళ్లకు చేతినిండా తెలిసిన పనులు. ఎప్పుడో ఒకరోజు తొలగింపు ప్లాంట్లు వస్తే అవి మా దగ్గరే రావాలి. లైన్లు ఉన్నాయి, స్విచ్‌యార్డు ఉంది, మనుషులున్నారు.

---

భద్రకాళి గట్టు (హన్మకొండ)

మీరు రాసింది చాలా ముఖ్యమైన విషయం అమ్మా. ఆ సభలో మళ్లీ మాట్లాడే అవకాశం వస్తే లెక్కతో పాటు ఈ మాట కూడా చెప్తాను.

---

సోలార్ తమ్ముడు (జనగామ)

నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను. 2040కి కావాలంటే ఇప్పుడే నేర్చుకోవాలి. మన ఎండకు, మన తేమకు ఆ పదార్థాలు ఎలా పనిచేస్తాయో ఐస్‌లాండ్ చలిలో తెలియదు. చిన్న పైలట్ ఒకటి, ఏడాదికి 1,000 టన్నులది, గోదావరిఖని వైపే పెడితే గ్రిడ్‌కు ఏమైనా అవుతుందా? సార్, మీరే చెప్పండి.

---

లోడ్ డిస్పాచ్ (కాజీపేట, రిటైర్డ్)

గ్రిడ్‌కు ఏమీ కాదు. 1,000 టన్నులంటే 20 లక్షల యూనిట్లు, 228 కిలోవాట్ల లోడ్. ఒక 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చాలు, రైస్ మిల్లుకు ఇచ్చే కనెక్షన్ అంత. పెట్టమనే నా మాట కూడా.

షరతులు మూడు రాయించు. దానికి సొంత సోలార్ ఉండాలి, గ్రిడ్ నుంచి లాగింది వేరే మీటరులో పడాలి. ఆ మీటరు 15 నిమిషాలకోసారి రీడింగ్ నమోదు చేయాలి, డిస్కంలు షెడ్యూలింగ్‌కు వాడే అదే లెక్కలో. సాయంత్రం పీక్‌లో ఆగాలి. ఏడాది చివర ఎన్ని టన్నులు పట్టారు, గ్రిడ్ యూనిట్ల వల్ల ఎన్ని టన్నులు వదిలారు, రెండూ పక్కపక్కన బోర్డు మీద రాయాలి. 2023లో కేంద్రం ఇచ్చిన రిసోర్స్ అడిక్వసీ (డిమాండుకు సరిపడా కరెంటు ముందే చూసుకోవడం) మార్గదర్శకాల ప్రకారం డిస్కంలు పదేళ్ల ముందుచూపుతో ప్లాన్ రాయాలి. ఆ పైలట్ అంకెలు చేతికొచ్చాక ఆ ప్లాన్‌లో ఈ లోడ్‌కు ఒక వరస తెరవొచ్చు. అప్పటిదాకా నక్కలగుట్ట డిస్కం ఆఫీసులో ఎవరిని అడిగినా ఊహే చెప్తారు.

---

చల్క నేల (పరకాల)

సార్, ఆ 315 కేవీఏ మా ఫీడరు మీద మాత్రం పెట్టొద్దు. మార్చిలో ఇప్పటికే ఓల్టేజీ పడిపోతోంది.

---

లోడ్ డిస్పాచ్ (కాజీపేట, రిటైర్డ్)

వ్యవసాయ ఫీడరు మీద అసలు ఇవ్వరన్నా. 33 కేవీ నుంచి నేరుగా ఇవ్వాలి. అది నాలుగో షరతు.